నాలుగో పేరు

సోమవారం ఉదయం పదిన్నరకి అటెండరు జాన్ బాషా వచ్చి, "అమ్మా, రిజిస్ట్రారు గారు రమ్మంటున్నారు" అన్నప్పుడు కోటిరత్నం చేతిలో తేదీ ముద్ర ఉంది. ముద్రని ఇంకు దిండు మీద ఆనించి, పైకి చూసింది.

"సూపరింటెండెంటు గారినా?"

"కాదమ్మా, మిమ్మల్నే."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమెని రిజిస్ట్రారు పేరు పెట్టి పిలిపించడం అదే మొదలు. కొండవీటి విశ్వవిద్యాలయంలో ఆమె పని తపాలా విభాగంలో, కిటికీ పక్కన. వచ్చిన ప్రతి కాగితం మీదా తేదీ ముద్ర వేసి, నంబరు ఇచ్చి, ఎవరు రాశారో దేని గురించి రాశారో రిజిస్టర్లో ఎక్కించి, పై అధికారి ఎవరికి పంపమంటే వాళ్లకి పంపడం. ఆమె దస్తూరీ గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంటుంది. స్నాతకోత్సవం వచ్చిందంటే పట్టాల మీద పేర్లు రాయడానికి ఆమెనే కూర్చోబెడతారు.

రిజిస్ట్రారు జానకిరామయ్య గారు మెల్లగా మాట్లాడే మనిషి. ఎదుటి కుర్చీ చూపించారు.

"కూర్చోండమ్మా. నవంబరు నెల ఇన్‌వార్డు రిజిస్టరు చెదలు పట్టిందటగా?"

"లేదండి. బీరువాలో భద్రంగానే ఉందండి."

"పట్టిందమ్మా," అన్నారాయన, చిన్నపిల్లకి లెక్క తప్పిందని చెప్పినట్టు. బల్ల సొరుగులోంచి ఆ రిజిస్టరే తీసి ముందు పెట్టారు. దాని పక్కనే అదే కొలతలో కొత్త పుస్తకం. "పాడైపోకముందే ఫెయిర్ కాపీ తియ్యాలి. శుక్రవారం కమిటీ వస్తోంది. మీకు తెలుసుగా, ఆ అమ్మాయి విషయం."

తెలియనివాళ్లు ఎవరూ లేరు. బి.ఏ. రెండో సంవత్సరం బిందుమాధవి. వెయిట్ లిఫ్టింగ్‌లో యాభై ఎనిమిది కిలోల విభాగం. జనవరి ఆఖరులో అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో బంగారు పతకం తెచ్చింది. హైవే మీది ప్రధాన ద్వారానికి ఆమె బొమ్మతో గుడ్డ బ్యానరు కట్టారు. ఆ బ్యానరు ఇంకా విప్పకముందే గుంటూరు ఆస్పత్రిలో మూత్రపిండాలు పనిచెయ్యక పదకొండు రోజులకి చనిపోయింది. బరువు తగ్గడానికి నీళ్లు పోయే మాత్రలు మింగించారనీ, కండ పెరగడానికి ఏడాదిగా సూదులు వేశారనీ పేపర్లు రాశాయి. విద్యార్థులు బస్సులాపారు. రిటైరైన జిల్లా జడ్జి ఒకాయనతో విచారణ కమిటీ వేశారు. రిజిస్ట్రారు గారి బల్ల మీద అద్దం కింద ఆయనే ఇచ్చిన ప్రకటన తాలూకు పేపరు ముక్క ఉంది. 'ఆ విద్యార్థిని తనంతట తానే బయట మందులు కొని వాడుకుంది. ఒక్క మాట మాతో చెప్పి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదు.'

ఆయన పాత రిజిస్టరు తెరిచి ఒక పేజీ దగ్గర ఆగారు. 11206 నంబరు పక్కన పెన్సిలుతో చిన్న గీత ఉంది.

"అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాయండి. ఈ ఒక్క దాన్లో మాత్రం ఇంకేదైనా రాయండి. ఖాళీ మటుకు ఉంచకూడదు."

కోటిరత్నం ఆ పేజీ వైపు చూడలేదు. చూడకుండానే అందులో ఏముందో ఆమెకి తెలుసు.

"మీ ఆయన ఫైలు నా దగ్గరే ఉంది," అన్నారు జానకిరామయ్య గారు. "కెమిస్ట్రీ లేబులో పద్నాలుగేళ్లుగా తాత్కాలికంగానే చేస్తున్నాడంటే నాకే బాధగా ఉంది. ఈ వారంలో పర్మినెంట్ చేసేద్దాం. గెస్ట్‌హౌసులో గది తెరిపించాను. ఫ్యానుంది. టీ అక్కడికే పంపిస్తారు."

"అలాగేనండి," అంది కోటిరత్నం. ఆ మాట ఆమె అనుకోకముందే నోట్లోంచి వచ్చేసింది.

*

గెస్ట్‌హౌసు కిటికీలోంచి హైవే అవతల కోల్డ్ స్టోరేజీ కనిపిస్తుంది. మార్చి నెల కావడంతో మిర్చి బస్తాల లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా గదిలో ఘాటు కమ్మి, కోటిరత్నం పెన్ను పక్కన పెట్టి తుమ్మేది.

నవంబరు నెలకి తొమ్మిదివందల డెబ్బై ఉత్తరాలు. పేజీకి ఇరవై. కాపీ రాయడమంటే చూసి రాయడమే అనుకుంది గాని, కూర్చున్నాక తెలిసింది. పాత పుస్తకంలో మూడు రకాల సిరాలున్నాయి. దీపావళి తర్వాత రెండురోజులు ఆమె సెలవు పెడితే ఇంకో గుమస్తా రాశాడు. అతనికి 'ళ' రాయడం రాదు, ప్రతి చోటా 'ల'యే. ఆ రెండురోజుల పేజీలు రాయడానికి ఆమెకి ఒక పూట పట్టింది. తప్పులు తప్పుల్లాగే, అతని చేతి వంపు తన చేతిలోకి తెచ్చుకుని రాసింది. రాశాక చూసుకుంటే బాగా కుదిరింది. కుదిరినందుకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ వెంటనే చేతిని ఒళ్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది.

మంగళవారం మధ్యాహ్నం జాన్ బాషా టీ తెచ్చి, గ్లాసు పెట్టి వెళ్లకుండా నిలబడ్డాడు.

"ఆ అట్ట మరీ కొత్తగా కనబడతందమ్మా. రాయడం అయిపోయినాక ఇవ్వండి, మెట్ల మీద ఎండలో పడేస్తాను. దుమ్ము పడితే పాతది అయిపోద్ది. అయ్యగారే చెప్పారు."

"నీకు తప్పనిపించడం లేదా బాషా?"

"అనిపిస్తే ఏం చేస్తానమ్మా," అన్నాడతను. "మీరేం చేస్తున్నారో నేనూ అదే."

ఆ సాయంత్రానికి ఆమె పెన్సిలు గీత ఉన్న పేజీకి వచ్చింది. గీత పక్కనే ఆమె స్వహస్తాలతో రాసిన వరుస. 'బిందుమాధవి, బి.ఏ. రెండో సంవత్సరం. క్రీడా విభాగంలో వేస్తున్న సూదుల గురించి ఫిర్యాదు.' ఆఖరి గడిలో రిజిస్ట్రారు గారి ఆకుపచ్చ సిరా పొట్టి సంతకం, దాని పక్కన ఆయనే రాసిన ఆదేశం. 'ఫిజికల్ డైరెక్టరు గారికి, తగు చర్య నిమిత్తం.'

ఫిజికల్ డైరెక్టరు త్రినాథ్ మీద పిల్ల ఫిర్యాదు చేస్తే, దాన్ని ఆ త్రినాథ్‌కే పంపారు. నవంబరులో ఆ కాగితాన్ని కవర్లో పెట్టి బాషా చేతికిచ్చింది తనే. అప్పుడు ఆ గడిని చదివింది కూడా.

పిల్ల వచ్చిన రోజు ఆమెకి గుర్తుంది. తలొంచుకుని రాసుకుంటుంటే కిటికీ అవతల నుంచి ఎవరో మగపిల్లాడు "మేడం" అని పిలిచాడు. తలెత్తితే ఆడపిల్ల. జడ వేసుకుని, మెడ నిండుగా, భుజాలు వెడల్పుగా ఉంది. అరచేతుల్లో కాయలు కాసి ఉన్నాయి. ఉత్తరంతో పాటు జిరాక్సు కాపీ తెచ్చుకుంది. దాని మీద ముద్ర వేసి నంబరు రాసి పొట్టి సంతకం చేసిచ్చింది కోటిరత్నం.

పెన్ను మూత పెట్టి, ఆ వరుస రాయకుండానే లేచి ఇంటికెళ్లిపోయింది.

*

బుధవారం ఉదయం ఒక గంట ఆమె కిటికీ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. పోస్టుమాన్ తెచ్చిన కట్ట విప్పుతుంటే ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. తెల్లచొక్కా మీద మిరప మరకలు ఎండి ఎర్రటి మచ్చలుగా ఉన్నాయి. కాళ్ల దగ్గర రేకు పెట్టె.

"నమస్కారమమ్మా. నా పేరు బాపయ్య. అద్దంకి దగ్గర మాది. ఆ పిల్ల తండ్రిని." ఏ పిల్లో ఆయన చెప్పలేదు. "హాస్టల్లో పెట్టె ఇచ్చారు. గెల్చుకున్న పతకాలు ఉంటయ్యి గదా, అయ్యి త్రినాథ్ సారు బీరువాలో ఉన్నయ్యంట. ఆయన సెలవులో ఉన్నాడంట. తీసిచ్చేవాళ్లు లేరు. అర్జీ ఇయ్యమన్నారు."

ఊళ్లో ఎవరిచేతో రాయించుకొచ్చిన అర్జీ ఇచ్చాడు. కోటిరత్నం ముద్ర వేసింది. తేదీ మసకబారింది. మళ్లీ వేసింది.

"ఇంకొక్క సాయమమ్మా." ఆయన పెట్టె తెరిచి ప్లాస్టిక్ ఫైలు బయటికి తీశాడు. "ఇందులో పిల్ల కాయితాలున్నయ్యి. నాకు సంతకం వరకే వచ్చు. పనికొచ్చేయి ఏందో, పారెయ్యాల్సినయ్యి ఏందో చూసి చెబుదువా? ఇంటికాడ వాళ్లమ్మ ఒక్క కాయితం కూడా చూడలేకపోతంది."

"మీరు వరండాలో కూర్చోండి. కుండలో మంచినీళ్లున్నాయి."

ఆయన అటు తిరిగి నీళ్లు వంచుకుంటుంటే ఆమె ఫైలు తెరిచింది. పదో తరగతి మార్కుల జాబితా. బస్సు పాసు. జిల్లా పోటీల సర్టిఫికెట్లు ఆరు. వాటి కింద ఒక జిరాక్సు. పైన కుడివైపు ఊదారంగు ముద్ర, 11206, దాని కింద తన పొట్టి సంతకం.

'మాకు విటమిన్ సూదులని చెప్పి వేస్తున్నారు. సీసా మీద కాగితం చింపేసి తెస్తారు. నాకు గొంతు మారిపోయింది. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. వద్దంటే జట్టులోంచి తీసేస్తాం, హాస్టలు ఖాళీ చెయ్యమంటున్నారు. మిగతా అమ్మాయిలు చెప్పడానికి భయపడుతున్నారు. దయచేసి మమ్మల్ని ఒక డాక్టరుకి చూపించవలసిందిగా కోరుతున్నాను.'

బాపయ్య గ్లాసు ఎత్తి తాగుతున్నాడు. ఆయన వీపు ఇటువైపు ఉంది. ఈ ఒక్క కాగితం మడిచి రిజిస్టరు కింద పెట్టేస్తే ఆయనకి ఎన్నటికీ తెలియదు. తను ఇవాళ రాయబోయే వరుసకి ఎదురు చెప్పేది ఇక లోకంలో ఏదీ ఉండదు. అదే కాగితం ఆయన చేతిలో పెట్టి, ఇది శుక్రవారం జడ్జి గారికివ్వండి అని ఒక్క మాట చెప్పినా చాలు. నీళ్లు తాగడం ఎంతసేపు? ఆ కొంచెంసేపట్లో ఆమె రెండూ చెయ్యలేదు. జిరాక్సుని సర్టిఫికెట్ల మధ్యకి జరిపి ఫైలు మూసేసింది.

"అన్నీ పనికొచ్చేవే బాపయ్య గారూ. ఏదీ పారెయ్యకండి."

"అట్టాగేనమ్మా," అని ఆయన దండం పెట్టాడు. "శుక్రవారం నన్నూ రమ్మన్నారు. నాకేం తెలుసని చెప్పను? పిల్ల ఫోను చేసినప్పుడల్లా బానే ఉన్నా నాన్నా అనేది. గొంతేందే అట్టుంది అంటే జలుబనేది."

ఆ మధ్యాహ్నం గెస్ట్‌హౌసులో 11206 ఎదురుగా ఆమె రాసింది. 'మెస్ కార్యదర్శి. మహిళా వసతి గృహంలో పంపు మరమ్మతు గురించి.' అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా వచ్చాయి.

*

గురువారం పన్నెండుకల్లా పుస్తకం పూర్తయింది. జానకిరామయ్య గారు గది తలుపేయించి, ఆకుపచ్చ పెన్ను తీసి, నలభై తొమ్మిది పేజీల మీదా నవంబరు తేదీలతో పొట్టి సంతకాలు చేశారు. ఆమె పక్కన నిలబడి పేజీలు తిప్పింది. ఒక చోట ఆయన సంతకం మరీ ఒకేలా పడుతోందని ఆగి, వేలు విదిలించుకుని, తర్వాతది కొంచెం వంకరగా చేశారు. అంతా అయ్యాక పాత రిజిస్టరుని తన సంచీలో పెట్టుకున్నారు.

"రేపు మిమ్మల్ని ఒకటే అడుగుతారు. దస్తూరీ మీదేనా అని. మీదేగా మరి. అందులో అబద్ధం ఏముంది?"

సాయంత్రం నాలుగింటికి ఆమె భర్త నాగేంద్రబాబు ఆర్డరు కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. చేతుల మీద యాసిడ్ మచ్చలతోనే వాకిట్లో నిలబడి, దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. 'క్రమబద్ధీకరించడమైనది' అన్న మాటని మూడోసారి కూడా చదివాడు. ఊరి నుంచి తెచ్చిన పావుకిలో జిలేబీ ఆమె చేతిలో పెట్టి, "పద్నాలుగేళ్లే రత్నం" అన్నాడు. ఆమె ఒక జిలేబీ తుంచి నోట్లో పెట్టుకుంది.

*

శుక్రవారం సెనేటు హాల్లో జడ్జి గారు పెద్ద బల్ల వెనక కూర్చున్నారు. కుడివైపు అధికారులు, ఎడమవైపు విద్యార్థులు. వెనక వరసలో ఫైలు ఒళ్లో పెట్టుకుని బాపయ్య. త్రినాథ్ సెలవు చీటీ ఇచ్చాడన్నారు గాని, ఇస్త్రీ చొక్కాతో అధికారుల వెనక వరసలోనే ఉన్నాడు.

ముందు బిందుమాధవితో పాటు బరువులెత్తిన షాజాదీని పిలిచారు. ఆ పిల్లకి వచ్చే నెల పరీక్షలు. లేచి నిలబడి, దుపట్టా రెండు చేతులతో పట్టుకుంది.

"మీకెవరైనా సూదులు వేశారా అమ్మా?" అన్నారు జడ్జి గారు.

"లేదు సార్. నాకేం తెలియదు సార్."

ఆ గొంతు హాల్లో మారుమోగింది. మగవాడి గొంతు. బరువుగా, పగిలినట్టుగా. పంతొమ్మిదేళ్ల పిల్ల నోట్లోంచి ఆ గొంతుతో ఆ మాట వచ్చింది. అధికారుల వరసలో ఒక్కరూ తలెత్తలేదు. జానకిరామయ్య గారు కాగితాలు సర్దుకుంటున్నారు. జడ్జి గారు రాసుకున్నారు. షాజాదీ కూర్చుంది.

తర్వాత రిజిస్ట్రారు గారు లేచి, విద్యార్థినుల నుంచి ఏ ఫిర్యాదూ అందలేదనీ, అందిన ప్రతి కాగితానికీ రిజిస్టర్లో నంబరుంటుందనీ చెప్పి పుస్తకం బల్ల మీద పెట్టారు. రెండురోజుల ఎండకీ దుమ్ముకీ అట్ట చక్కగా పాతబడి ఉండాల్సింది, ఒక్క పూటే దొరికింది కాబట్టి మూలలింకా మెరుస్తున్నాయి. ఎవరూ గమనించలేదు. జడ్జి గారు నాలుగు పేజీలు తిప్పి, కోటిరత్నాన్ని పిలిచారు.

"ఈ దస్తూరీ మీదేనా?"

"నాదేనండి."

"ఏ రోజుది ఆ రోజు రాసిందే కదా?" అంటూనే ఆయన పెన్ను మూత కోసం వెతుక్కుంటున్నారు. జవాబు ఏమిటో తనకి ముందే తెలుసనుకున్నారు.

"కాదండి," అంది కోటిరత్నం.

ఆయన చెయ్యి ఆగింది.

"సోమవారం మొదలుపెట్టి నిన్న మధ్యాహ్నం ముగించానండి. గెస్ట్‌హౌసులో కూర్చుని రాశాను. పాతది రిజిస్ట్రారు గారి దగ్గరుంది. పదకొండువేల రెండువందల ఆరు నంబరులో పంపు మరమ్మతని ఉంటుంది. అది నేను పుట్టించిందండి."

"ఆమెకి ఒంట్లో బాగుండటం లేదు సార్—" అంటూ జానకిరామయ్య గారు లేచారు.

"కూర్చోండి," అన్నారు జడ్జి గారు. "ఆ నంబరులో అసలు ఏముంది?"

ఆమె వెనక వరస వైపు తిరిగింది. "బాపయ్య గారూ, మీ ఫైల్లో ఊదారంగు ముద్ర ఉన్న కాగితం తియ్యండి."

ఆయన అర్థం కాక ఫైలు మొత్తం పట్టుకుని ముందుకొచ్చాడు. జడ్జి గారు జిరాక్సు తీసి మొదట తనలో చదువుకున్నారు. తర్వాత పైకి చదివారు. నెలసరి అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గించారు. బాపయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడి విన్నాడు. కూతురు రాసిన ఉత్తరం ఆయన వినడం అదే మొదటిసారి. మొన్న బుధవారం ఇదే కాగితాన్ని ఈమె చదివి మళ్లీ లోపల పెట్టేసిందని ఆయనకి అప్పుడు తట్టినట్టుంది. ఒకసారి ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఆ ఉత్తరం ఎవరికి పంపారో, ఎవరి ఆదేశంతో పంపారో కోటిరత్నం చెప్పింది. త్రినాథ్ వెనక తలుపులోంచి వెళ్లిపోయాడు.

"ఇంతకుమించి మీకు తెలిసిందేమైనా ఉందా?" అన్నారు జడ్జి గారు చివర్లో.

ఆమె నోరు తెరిచింది. "లేదండి," అంది.

*

మర్నాడు పేపర్లలో ఆమె ఫొటో వచ్చింది. 'నిజం చెప్పిన గుమస్తా' అన్నారు. విద్యార్థులు ఇంటికొచ్చి శాలువా కప్పుతామంటే ఆమె తలుపు తియ్యలేదు.

నాగేంద్రబాబు రెండురోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం ముందు కూర్చుని, "ముందు నాకొక్క మాట చెప్పాల్సింది" అన్నాడు.

"చెబితే వద్దనేవారు."

"అవును. వద్దనేవాణ్ణే," అని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. అతని ఆర్డరు ఆ మధ్యాహ్నమే రద్దయింది.

మూడు వారాలకి కమిటీ నివేదిక వచ్చింది. త్రినాథ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. రిజిస్ట్రారు గారి వైపు నుంచి 'పర్యవేక్షణలో కొంత లోపం' జరిగిందన్నారు. ఆయన తిరిగి తన శాఖకి ప్రొఫెసరుగా వెళ్లారు. రికార్డులు తారుమారు చేసినందుకు కోటిరత్నాన్ని సస్పెండ్ చేశారు. బాధ్యులందరి మీదా చర్య తీసుకున్నామనీ, ఇక ఈ విషయం ముగిసిందనీ విశ్వవిద్యాలయం ప్రకటించింది. ప్రధాన ద్వారానికి ఈసారి కబడ్డీ జట్టు బ్యానరు కట్టారు.

ఆ వారమే షాజాదీ కోటిరత్నం ఇంటికొచ్చింది. అరుగు మీద కూర్చుని, ఐదుగురు అమ్మాయిల పేర్లు రాసిన కాగితం తీసింది.

"మా అందరికీ వేశారండీ. ఒకమ్మాయికి కాళ్లు వాస్తున్నాయి. డాక్టరు ఖర్చు మీదే అంటున్నారు హాస్టల్లో. త్రినాథ్ సార్ వెళ్లిపోయాడు కాబట్టి ఇంక అడగొద్దంట."

"ఇప్పుడు చెబుతావా మరి?"

"చెబుతానండీ. ఆ రోజు ఆయన హాల్లోనే కూర్చున్నాడు. నా హాల్ టికెట్టు ఆయన జేబులో ఉందండీ ఆ రోజు."

ఒంగోలులో ఒక ప్లీడరు హైకోర్టులో కేసు వేయిస్తానన్నాడు. మొదటి పిటిషనర్‌గా తండ్రి ఉండాలన్నాడు. జరిగింది తెలుగులో రాసుకొస్తే ఇంగ్లీషు చేసుకుంటానన్నాడు. కోటిరత్నం నాలుగు రోజులు కూర్చుని రాసింది. షాజాదీ పక్కన కూర్చుని చెప్పింది. "త్రినాథ్ పేరు పైన పెడతారా?" అంటే కోటిరత్నం తల అడ్డంగా ఊపింది. "ఆయన్ని బయటికి పంపేసి వీళ్లు శుభ్రంగా కూర్చున్నారు. ముందు యూనివర్సిటీ పేరే."

*

ఏప్రిల్ మధ్యలో, ఒక శనివారం ఉదయం, ఆ కాగితాలు పట్టుకుని ఆమె అద్దంకిలో బస్సు దిగి, షేర్ ఆటోలో ఊరికెళ్లింది. బాపయ్య ఇంట్లో లేడు. కళ్లంలో ఉన్నాడన్నారు.

ఊరి బయట బీడులో ఆఖరి కోత మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. బాపయ్య, ఆయన భార్య కోటేశ్వరమ్మ నోటికి గుడ్డలు కట్టుకుని, ఎండిన కాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్కన వేస్తున్నారు. కోటేశ్వరమ్మ గుడ్డ కిందికి దించి, "పేపర్లో నీ బొమ్మ దాచిపెట్టానమ్మా" అంది. "మా పిల్ల పటం పక్కనే పెట్టా."

కోటిరత్నం కాయల కింద పరిచిన టార్పాలిన్ పట్టా మీద ఒక మూల కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు, రమ్మనలేదు. కాగితాలు తీసి మొదట్నించీ చదివింది. వాళ్లిద్దరూ ఏరుతూనే విన్నారు. చివరికి ప్రతివాదుల జాబితాకొచ్చింది.

"ఒకటి, విశ్వవిద్యాలయం. రెండు, రిజిస్ట్రారుగా పనిచేసిన జానకిరామయ్య. మూడు, ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసిన త్రినాథ్." ఆగింది. "నాలుగు, తపాలా విభాగం సీనియర్ అసిస్టెంటు కోటిరత్నం."

"నీ పేరెందుకమ్మా?" అంది కోటేశ్వరమ్మ. "పుస్తకం మార్చినందుకా? అది నువ్వే చెప్పేశావు గదా."

"అందుకు కాదండి." కోటిరత్నం కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. "మీ అమ్మాయి మళ్లీ వచ్చింది. జడ్జి గారు అడిగితే లేదన్నాను. వచ్చింది. సంక్రాంతి సెలవులకి ముందు. ముఖం ఉబ్బి ఉంది. 'మేడం, ఆ ఉత్తరం త్రినాథ్ సార్ దగ్గరికెళ్లింది. అందరి ముందు నాచేత చదివించాడు. ఒక్కో వాక్యానికి వాళ్లని నవ్వమన్నాడు. ఇప్పుడు రోజుకి రెండు సూదులేస్తున్నాడు. నా ఉత్తరం నాకిచ్చెయ్యండి, వెనక్కి తీసుకుంటాను' అంది."

బాపయ్య చేతిలో తాలుకాయ ఉంది. అది పక్కన వెయ్యలేదు.

"నంబరు పడ్డాక వెనక్కివ్వడం కుదరదన్నాను. నా పని అందుకోవడం వరకే అన్నాను. ఏడుస్తోంది. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. పక్కకి జరగమ్మా అన్నాను." ఆమె ఒళ్లో కాగితాల అంచులు సరిచేసింది. "వార్డెనుకి చెప్పొచ్చు. మీకొక కార్డు ముక్క రాయొచ్చు. మీ అడ్రసు హాస్టల్లో అడిగితే చెప్పేవాళ్లు. అప్పటికింకా పోటీలకి మూడు వారాలుంది."

కోటేశ్వరమ్మ లేచింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, ఇటు చూడకుండా, మిరపకాయల మధ్య దారిలో ఊరి వైపు నడిచి వెళ్లిపోయింది. రోడ్డు మీద పత్తి బస్తాల ట్రాక్టరు ఒకటి పోయింది.

నువ్వేం చేస్తావమ్మా, చిన్న ఉద్యోగం, అని ఆయన అంటాడేమోనని కోటిరత్నం లోపల ఎక్కడో ఎదురుచూస్తూనే ఉంది. ఆ సంగతి ఆమెకి అప్పుడు తెలిసింది, సిగ్గుపడింది.

బాపయ్య తాలుకాయ పక్కన పడేసి, నోటికి కట్టుకున్న గుడ్డ విప్పాడు. అరచేతులు పంచెకి రుద్దుకుని చెయ్యి చాపాడు. ఆమె కాగితాలు ఇచ్చింది. చదవడం రాకపోయినా, ఆయన ఆ జాబితా మీద పైనుంచి వేలు పెట్టి ఒక్కో వరుసే కిందికి దించి, నాలుగో దాని మీద ఆపాడు.

"ఇదేనా నీది?"

"అదేనండి."

"ఉండనియ్యి," అన్నాడు. "సంతకం యాడ పెట్టాలో చూపించు."